పర్లాకిమిడి వాన రాడార్‌కు ఎందుకు అందలేదు?

పర్లాకిమిడిలో డిప్లొమా చదువుతున్న ఒక కుర్రాడు ఇలా అడిగాడు: "వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న తుఫానును రాడార్ పట్టేస్తుందంటారు కదా. మరి మా ఊళ్లో కుండపోతగా వాన పడుతుంటే గోపాల్‌పూర్ రాడార్ బొమ్మలో మా ఊరి మీద ఖాళీగా ఎందుకుంది? గోపాల్‌పూర్‌లో మా మావయ్యకు ఫైబర్ బోటు ఉంది. రాత్రి వేటలో ఉన్నప్పుడు ఆ బోటు ఓడల రాడార్‌లో కనపడుతుందా? అసలు అంత దూరంలో ఉన్నదాన్ని రాడార్ ఎలా కనిపెడుతుంది?"

నేను వాతావరణ రాడార్ల మెయింటెనెన్స్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఉండేది బరంపురంలోనే. అందుకే ఈ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. ముందు చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, అది తెలిస్తే మిగతా రెండూ వాటంతటవే తేలిపోతాయి.

రాడార్ కెమెరాలా బొమ్మ తీయదు. అది చేసేది ఒక్కటే పని, కాలాన్ని కొలవడం. ఒక యాంటెన్నా నుంచి అతి కొద్దిసేపు రేడియో తరంగాలు పంపుతుంది. దాన్ని పల్స్ అంటారు. సుమారు ఒక మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షల వంతు. పంపిన వెంటనే ట్రాన్స్‌మిటర్ ఆగిపోతుంది, అదే యాంటెన్నా వినడం మొదలుపెడుతుంది. దారిలో ఏదైనా తగిలితే ఆ తరంగాల్లో కొంత వెనక్కి వస్తుంది. మా వాళ్లందరం దాన్ని ఎకో అనే అంటాం. రేడియో తరంగాలు కాంతి వేగంతో పోతాయి కాబట్టి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు, మైక్రోసెకనుకు 300 మీటర్లు. అయితే ఎకో వెళ్లి రావాలి. కాబట్టి ఒక్కో మైక్రోసెకను ఆలస్యానికి 150 మీటర్ల దూరం లెక్క. పల్స్ పంపిన తరువాత సరిగ్గా ఒక మిల్లీసెకనుకు ఎకో వచ్చిందంటే ఆ వస్తువు 150 కి.మీ. దూరంలో ఉన్నట్టు.

దూరం అలా తెలుస్తుంది. దిక్కు ఎలా అంటే, తరంగాలను డిష్ సన్నని బీమ్‌గా పంపుతుంది కాబట్టి ఆ క్షణానికి డిష్ ఎటు తిరిగి ఉందో ఆ దిక్కే. ఎత్తు కూడా అంతే, డిష్ ఎన్ని డిగ్రీలు పైకి ఎత్తి ఉందో చూసి లెక్కకడతాం. వాతావరణ రాడార్ టవర్ మీద కనిపించే తెల్లటి గుండు తిరగదు. అది ఫైబర్‌తో చేసిన తొడుగు, రేడియో తరంగాలు దానిగుండా హాయిగా పోతాయి. లోపల డిష్ గుండ్రంగా తిరుగుతూ, ఒక్కో చుట్టుకు కొంచెం కొంచెం పైకి లేస్తూ ఆకాశాన్ని పొరలు పొరలుగా కొలుస్తుంది. మొత్తం ఒకసారి పూర్తవడానికి సుమారు పది నిమిషాలు. ఫోన్‌లో మీరు చూసే బొమ్మ ఈ కొలతలన్నీ కలిపి వేసిన మ్యాపు.

సూత్రం ఇంత తేలికగా ఉంటే కష్టం ఎక్కడుంది? ఎకో బలంలో ఉంది. చీకట్లో టార్చి వేసి దూరాన ఉన్న మనిషిని చూడటం గుర్తుతెచ్చుకోండి. వెలుగు పోతూ పోతూ పలచబడుతుంది, మనిషి మీద పడ్డ ఆ కాస్త వెలుగూ మన కంటికి చేరేలోగా ఇంకోసారి పలచబడుతుంది. రాడార్‌కూ ఇదే జరుగుతుంది. దూరం రెట్టింపైతే వెళ్లేటప్పుడు తరంగం నాలుగో వంతవుతుంది, వచ్చేటప్పుడు మళ్లీ నాలుగో వంతు. కలిపి 16వ వంతు. దూరం పది రెట్లైతే ఎకో పదివేలవ వంతుకు పడిపోతుంది. విమానాన్నో పడవనో రెట్టింపు దూరంలో పట్టాలంటే 16 రెట్లు పవర్ కావాలన్నమాట.

అందుకే పెద్ద వాతావరణ రాడార్ ఒక్కో పల్స్‌లో కొన్ని లక్షల వాట్లు పంపుతుంది. ఆ అంకె విని కరెంటు బిల్లు గురించి కంగారు పడేవాళ్లు ఉంటారు. సెకనుకు 500 పల్స్‌లు పంపే రాడార్, ఒక్కో పల్స్ మైక్రోసెకనే అయితే, సెకనులో రెండువేలవ వంతు మాత్రమే పంపుతుంది. మిగతా సమయమంతా వినడమే. సగటు తీస్తే కొన్ని వందల వాట్లే వస్తుంది. నన్ను అడిగితే రాడార్‌లో గొప్పతనం ట్రాన్స్‌మిటర్‌ది కాదు, రిసీవర్‌ది. లక్షల వాట్లు పంపిన కొద్ది మైక్రోసెకన్లకే, అదే యాంటెన్నా నుంచి వచ్చే కొలవలేనంత చిన్న సంకేతాన్ని రొద నుంచి విడదీయాలి. మా పనిలో ఎక్కువ టెన్షన్ పెట్టేది కూడా ఆ రిసీవర్ సున్నితత్వమే. అది కొద్దిగా తగ్గినా ఎవరికీ అనుమానం రాదు. బొమ్మ వస్తూనే ఉంటుంది, కాకపోతే దూరపు వానలు మాయమవుతాయి. అందుకే క్రమం తప్పకుండా క్యాలిబ్రేషన్ (కొలతలు సరిచూసి దిద్దడం) చేయాలి.

ఇప్పుడు ఆ కుర్రాడి ఆశ్చర్యంలో ఉన్న అసలు విషయానికి వస్తాను. తుఫాను వందల కిలోమీటర్ల నుంచి కనపడుతుంది, పడవ దగ్గరున్నా కనపడదు, ఎందుకు? పడవ ఒక్క చోట ఉన్న చిన్న వస్తువు. బీమ్ దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది. ఒక డిగ్రీ మేర విచ్చుకునే బీమ్ 100 కి.మీ. దగ్గర 1.7 కి.మీ. పైగా వెడల్పు ఉంటుంది. అందులో పడవకు తగిలేది ఏపాటి? వాన అలా కాదు. బీమ్ ఎంత వెడల్పైతే అన్ని ఎక్కువ చినుకులు దాంట్లోకి వస్తాయి. బీమ్ నిండా వానే ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు జరిగే నష్టాన్ని ఆ అదనపు చినుకులు పూడ్చేస్తాయి. దాంతో వాన ఎకో దూరం రెట్టింపైతే నాలుగో వంతే అవుతుంది, 16వ వంతు కాదు. పైగా తుఫాను మేఘాలు 12, 15 కి.మీ. ఎత్తు వరకు లేస్తాయి. దూరం నుంచి కనపడటానికి ఆ ఎత్తు కూడా సాయపడుతుంది.

చినుకు సైజు గురించి కూడా ఒక మాట. తరంగం పొడవు కంటే చినుకు చాలా చిన్నదైనప్పుడు, ఎకో చినుకు వ్యాసానికి ఆరో ఘాతంతో పెరుగుతుంది. 2 మి.మీ. చినుకు ఒక్కటి 1 మి.మీ. చినుకులు 64 ఇచ్చినంత ఎకో ఇస్తుంది. అందుకే సన్నటి జల్లు రోజంతా పడినా మ్యాపులో వెలవెలబోతుంది. లావుపాటి చినుకుల ఉరుముల వాన, ముఖ్యంగా వడగళ్లు కలిసినది, ఎర్రగా మండిపోతుంది. రంగు చూసి ఇన్ని మిల్లీమీటర్లు పడిందని తేల్చేయకూడదు, వానమాపకంతో సరిపోల్చుకోవాలి.

ఇక పర్లాకిమిడి సంగతి. రేడియో బీమ్ ఇంచుమించు నేరుగా పోతుంది, భూమి మాత్రం కిందికి వంగిపోతుంది. గాలి పొరలు బీమ్‌ను కొద్దిగా కిందికి వంచుతాయి కానీ భూమి వంపును అందుకునేంత కాదు. డిష్‌ను అర డిగ్రీ మాత్రమే పైకి ఎత్తి పంపినా, 100 కి.మీ. దగ్గర బీమ్ మధ్యభాగం నేలకు దాదాపు ఒకటిన్నర కి.మీ. ఎత్తులో ఉంటుంది. 250 కి.మీ. దగ్గర దాదాపు 6 కి.మీ. ఎత్తులో. అంత దూరాన రాడార్ చూసేది మేఘం పైభాగాన్ని. దాని కింద ఏం కురుస్తోందో దానికి తెలియదు.

మన ప్రాంతంలో దీనికి మహేంద్రగిరి తోడైంది. గోపాల్‌పూర్ నుంచి నైరుతి వైపు సుమారు 63 కి.మీ. దూరంలో మహేంద్రగిరి శిఖరం, ఎత్తు 1,501 మీటర్లు. దాదాపు అదే గీత మీద ఇంకా ముందుకు పోతే సుమారు 100 కి.మీ. దగ్గర పర్లాకిమిడి. మ్యాపు మీద స్కేలు పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. ఇప్పుడు లెక్క చేద్దాం. అర డిగ్రీ పైకి ఎత్తి పంపిన బీమ్ మహేంద్రగిరి దగ్గరికి వచ్చేసరికి మధ్యభాగం 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బీమ్ వెడల్పు అక్కడ 1.1 కి.మీ. కాబట్టి పై అంచు 1,350 మీటర్ల దగ్గర. శిఖరం అంతకంటే ఎత్తు. అంటే శిఖరానికి ఎదురుగా పోయే బీమ్ కొండకే కొట్టుకుని ఆగిపోతుంది. శిఖరానికి కాస్త పక్కగా పోయేదాంట్లో కొంత భాగం మిగులుతుంది.

డిష్‌ను ఇంకా ఎత్తొచ్చు కదా అంటారు. ఎత్తుతారు. 1.5 డిగ్రీలకు వెళ్తే బీమ్ చాలావరకు కొండ మీదుగా దాటుతుంది. కానీ అదే బీమ్ పర్లాకిమిడి మీదికి వచ్చేసరికి 3 కి.మీ. పైన ఉంటుంది. ఉరుముల మేఘమైతే అంత ఎత్తులోనూ దొరుకుతుంది. సముద్రం నుంచి వచ్చిన తడి గాలి కొండకు తగిలి పైకెక్కేటప్పుడు పడే వాన అలా ఉండదు. అందులో చినుకులు చాలావరకు కింది రెండు కిలోమీటర్లలోనే బలుస్తాయి. ఊరు తడిసిపోతుంటుంది, రాడార్ దాని పైనుంచి చూస్తూ పోతుంది. మీకు కనిపించిన ఖాళీకి కారణం ఇదే అయి ఉంటుంది.

కాబట్టి కొండల వెనక ఉన్నవాళ్లందరికీ గట్టిగా చెబుతున్నాను: రాడార్ బొమ్మలో మీ ఊరి మీద రంగు లేదంటే వాన లేదని కాదు, రాడార్‌కు అక్కడ ఏమీ అందలేదని మాత్రమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తుఫాను వానలకు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. తీరం దాటిందిలే అని తేలికగా తీసుకునే ఘడియల్లో కొండల మీద పడే వానే ఎక్కువ ప్రమాదం. పర్లాకిమిడి వాళ్లు గోపాల్‌పూర్ బొమ్మ ఒక్కటే కాకుండా విశాఖ రాడార్ బొమ్మ కూడా చూడాలి. అది కైలాసగిరి మీద ఉంది, మీకు సుమారు 140 కి.మీ. దూరం. అక్కడి నుంచి అర డిగ్రీ బీమ్ మీ ఊరి మీద రెండున్నర కి.మీ. పైనే ఉంటుంది కానీ దానికి మహేంద్రగిరి అడ్డం రాదు. ఉపగ్రహ చిత్రం కూడా తెరిచి పెట్టుకోండి. అన్నిటికంటే ముందు మహేంద్రతనయ నీరు చూడండి. ఆ ఏరు పొంగేది ఆ కొండల మీద పడ్డ వానకే. ఏటి నీరు ఎర్రబడి పెరుగుతుంటే ఏ బొమ్మ ఏం చెప్పినా జాగ్రత్త పడాల్సిందే.

గాలి వేగం గురించి అడగలేదు కానీ, తుఫాను రాడార్ అన్నాక డాప్లర్ గురించి చెప్పకుండా ఉండలేను. చినుకులు మన వైపు వస్తుంటే ఎకో ఫ్రీక్వెన్సీ కొద్దిగా పెరుగుతుంది, దూరంగా పోతుంటే తగ్గుతుంది. ఎంత కొద్దిగా అంటే, 10 సెం.మీ. తరంగంతో పనిచేసే రాడార్‌లో సెకనుకు 20 మీటర్ల గాలికి వచ్చే తేడా 400 హెర్ట్జ్. అసలు ఫ్రీక్వెన్సీ 300 కోట్ల హెర్ట్జ్. ఈ తేడా కొలవాలంటే ప్రతి పల్స్ ముందు పల్స్‌తో ఖచ్చితంగా లయ కలవాలి. గోపాల్‌పూర్‌లో నిలబడి ఆగ్నేయంగా సముద్రంలో ఉన్న తుఫాను వైపు తిరిగారనుకోండి. మన దగ్గర తుఫానులు గడియారానికి వ్యతిరేక దిశలో తిరుగుతాయి. అందువల్ల తుఫాను కన్నుకు, అంటే దాని నడిబొడ్డుకు, ఎడమ పక్క గాలి మన వైపు వస్తుంది, కుడి పక్క గాలి మన నుంచి పోతుంది. రాడార్ తెర మీద ఈ రెండూ రెండు రంగుల్లో పక్కపక్కన కనిపిస్తాయి, కన్ను వాటి మధ్యలో ఉంటుంది. అడ్డంగా వీచే గాలిని మాత్రం డాప్లర్ కొలవలేదు. అక్కడ సున్నా చూపిస్తుంది, ఎంత భయంకరమైన గాలైనా సరే.

ఇక్కడే మాకు నిజమైన చిక్కు వచ్చేది. రెండో పల్స్ వెళ్లేలోపు మొదటిదాని ఎకో తిరిగి రావాలి, లేకపోతే ఏది దేని ఎకోనో తెలియదు. సెకనుకు 1,000 పల్స్‌లు పంపితే 150 కి.మీ. వరకే నమ్మకంగా చూడగలం. దూరం కావాలంటే పల్స్‌లు తగ్గించాలి. 300కు తగ్గిస్తే 500 కి.మీ. వస్తుంది. కానీ గాలి వేగం కొలవడానికి పల్స్‌లు వెంటవెంటనే ఉండాలి. 10 సెం.మీ. తరంగానికి 1,000 పల్స్‌లతో కొలవగలిగే గరిష్ఠ వేగం సెకనుకు 25 మీటర్లు, అంటే గంటకు 90 కి.మీ. 300 పల్స్‌లతో అయితే గంటకు 27 కి.మీ. మాత్రమే. అంతకు మించిన గాలి తప్పుడు రంగులో, ఒక్కోసారి ఎదురు దిశలో వీస్తున్నట్టు కనిపిస్తుంది. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానులో గాలి గంటకు 200 కి.మీ. స్థాయిలో ఉంది. ఈ రెండు కోరికలూ ఒకేసారి తీరవు. మార్చి మార్చి రెండు రకాల వేగాలతో పల్స్‌లు పంపి, రెండు జవాబులూ కలిసే చోట అసలు వేగాన్ని తేలుస్తారు. దూరం కోసం విడిగా ఒక చుట్టు, గాలి కోసం విడిగా ఒక చుట్టు తిప్పడమూ ఉంటుంది.

రాడార్ చరిత్రలో యుద్ధమే ఎక్కువ. 1904లోనే జర్మనీలో హ్యూల్స్‌మేయర్ అనే ఇంజనీరు రేడియో తరంగాలతో ఓడలను పసిగట్టి చూపించాడు, కానీ దూరం కొలవలేకపోయాడు. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులో డావెంట్రీ దగ్గర వాట్సన్ వాట్, విల్కిన్స్ కలిసి బీబీసీ తరంగాలు విమానానికి తగిలి తిరిగి రావడాన్ని నిరూపించారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆపరేటర్లకు తెర మీద వాన ఒక అడ్డంకి, శత్రు విమానాన్ని దాచేసే మచ్చ. యుద్ధం అయ్యాక ఆ మచ్చనే చదవడం నేర్చుకున్నారు. మన దేశంలో తుఫానుల కోసం తొలి ఎస్ బ్యాండ్ (సుమారు 10 సెం.మీ. తరంగం) రాడార్ 1970లో విశాఖలోనే పెట్టారు. తీరం పొడవునా మనకు వచ్చే హెచ్చరికల వెనక అంత కాలపు పని ఉంది.

ఇక మావయ్య బోటు. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఓడల రాడార్లు రెండు రకాలు, 3 సెం.మీ. తరంగానివి, 10 సెం.మీ. తరంగానివి. 3 సెం.మీ. రాడార్‌కు చిన్న వస్తువులు బాగా తెలుస్తాయి, కానీ జోరువానలో దాని చూపు తగ్గిపోతుంది. 10 సెం.మీ. రాడార్ వానను దాటి చూస్తుంది, చిన్న పడవకు మాత్రం అంతగా స్పందించదు. ఫైబర్‌కు రేడియో తరంగాలను వెనక్కి పంపే గుణం చాలా తక్కువ. రాడార్ తొడుగు ఫైబర్‌తో చేసేది అందుకేగా. బోటులో తిరిగి పంపేవి ఇంజను, కొద్దిపాటి ఇనుప సామాను. అవి కూడా నీటిమట్టానికి దగ్గరగా, అలల వెనక ఉంటాయి. అలలకూ ఎకో ఉంటుంది. సముద్రం పోటెత్తినప్పుడు ఓడ చుట్టూ తెరంతా చుక్కలే. ఆ చుక్కలు తగ్గించడానికి ఓడలో వాళ్లు ఒక నాబ్ తిప్పుతారు. అలలతో పాటు మన బోటు చుక్క కూడా పోతుంది. 15 నాట్ల (గంటకు సుమారు 28 కి.మీ.) వేగంతో వచ్చే ఓడ పది నిమిషాల్లో నాలుగున్నర కి.మీ. వచ్చేస్తుంది. కాబట్టి కనపడుతుందా అంటే, గాలి లేని రాత్రి దగ్గరికొచ్చాక కనపడొచ్చు, సముద్రం బాగా లేనప్పుడు కనపడుతుందని నమ్మొద్దు.

దీనికి ఖర్చు తక్కువ ఉపాయం ఉంది, రాడార్ రిఫ్లెక్టర్. మూడు లోహపు రేకులను ఒకదానికొకటి సరిగ్గా లంబంగా, గది మూలలో రెండు గోడలూ నేలా కలిసినట్టు కలపాలి. ఆ మూలలోకి వచ్చిన తరంగం మూడు రేకులకూ తగిలి, ఎటు నుంచి వచ్చిందో అటే తిరిగి పోతుంది. చదునైన రేకు ఒక్కటే కడితే ఎంత పెద్దదైనా లాభం లేదు, అది తరంగాన్ని ఇంకెటో విసిరేస్తుంది. రాడార్‌కు దొరకని యుద్ధ విమానాలను చేసేటప్పుడు వాడుకునే గుణాల్లో ఇది కూడా ఒకటి. మనకు కావాల్సింది దానికి పూర్తి వ్యతిరేకం. మూల అంచు 30 సెం.మీ. ఉంటే, సరైన కోణంలో, 3 సెం.మీ. రాడార్‌కు అది 35 చదరపు మీటర్లకు పైబడిన వస్తువులా కనిపిస్తుంది. అంచు సగం చేస్తే ఫలితం 16వ వంతుకు పడిపోతుంది. అందుకని రేకు మిగుల్చుకుందామని చిన్నది చేయకండి. మూడు రేకులు ఒకదాన్నొకటి మధ్యలో దాటేలా అమర్చితే ఎనిమిది మూలలు వస్తాయి, అన్ని దిక్కులకూ పనికొస్తుంది. అల్యూమినియం రేకు సరిపోతుంది. గాలి ఒత్తిడి తగ్గాలంటే జాలీ వాడొచ్చు, రంధ్రాలు 3 మి.మీ. కంటే పెద్దవి కాకూడదు. పెయింట్ వేసినా నష్టం లేదు. రేకులు వంగితే, కోణం చెడితే మాత్రం పనిచేయదు, వేటకు పోయే ముందు చేత్తో తడిమి చూసుకోవాలి.

కట్టే పద్ధతి కూడా ముఖ్యం. ఎనిమిది మూలల్లో ఒకటి నిటారుగా ఆకాశం వైపు తెరుచుకుని, వాన పడితే నీళ్లు నిలిచేటట్టు వేలాడదీయాలి. మొన మీద నిలబెట్టినట్టు కడితే మూలలు ఓడ వైపు కాకుండా పైకీ కిందికీ చూస్తాయి. వీలైనంత ఎత్తున, నాలుగు మీటర్ల కర్రకైనా కట్టాలి. ఊగిపోకుండా పైనా కిందా రెండు తాళ్లు వేయాలి. ఎత్తు పెరిగితే అలల చాటు తగ్గుతుంది, భూమి వంపును దాటి ఇంకా దూరం నుంచి కనపడుతుంది. దీపం మానేయమని కాదు. రిఫ్లెక్టర్ రాడార్ చూసే ఆపరేటర్ కోసం, దీపం ఓడ బ్రిడ్జి (ఓడను నడిపే చోటు) మీద నిలబడి బయటికి చూసేవాడి కోసం. రెండూ ఉండాలి.